కణితి నేర్పిన సుపరిపాలన

శుభవార్త వచ్చేసరికి నేనూ ఫణీంద్రా కొత్త కుక్కర్ మూత పెట్టడం నేర్చుకుంటున్నాం. పెళ్ళికి మూడు కుక్కర్లు వచ్చాయి, మూడింటి మూతలూ మూడు రకాలుగా తిరుగుతాయి. కాపురం పెట్టి ఇంకా నెల కాలేదు. మూత బిగిసినా మాకు పండగే, పాలు పొంగినా పండగే. మూడోదాని మూత టక్కుమని కూర్చోగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ ఉంటే ఆఫీసు నుంచి ఫోను.

మా సంస్థ విశాఖపట్నంలో ఒక కొండవాలున ఉంది. పని కాన్సర్ పరిశోధన. నేను మూడో అంతస్తు ల్యాబులో శాస్త్రవేత్తను, ఫణి కింద పరిపాలన విభాగంలో సూపరింటెండెంటు. ఫోను డైరెక్టరు గారి పేషీ నుంచి. కిందటి వారం నేనిచ్చిన ఉపన్యాసానికి డైరెక్టరు డాక్టర్ ఉమాపతి గారు ముగ్ధులయ్యారట. ఎంతగా అంటే, అందులో చెప్పినదంతా సోమవారం నుంచి సంస్థలో అమలు చేయబోతున్నారట.

శాస్త్రవేత్త చెప్పినదాన్ని పరిపాలన అమలు చేయడం మా సంస్థ చరిత్రలో ఇదే మొదలు. ఆ ఆనందంలో కుక్కర్ మూత మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాం.

ఇంతకీ నువ్వు చెప్పింది దేని గురించి అని అడిగాడు ఫణి. ఆ రోజు మొదటి వరసలోనే కూర్చున్నాడు గానీ ఉపన్యాసం వినలేదట, నన్ను చూస్తూ ఉండిపోయాడట. ఇది కోప్పడవలసిన విషయమో మురిసిపోవలసిన విషయమో కొత్త పెళ్ళికూతురికి ఎవరూ చెప్పి పంపరు. మురిసిపోయి, మొదటి నుంచీ చెప్పాను.

అండాశయంలో పుట్టిన కణితి తన చుట్టుపక్కల చోటును ఎలా మార్చుకుంటుంది, తనను చంపడానికి వచ్చిన రక్షణ కణాలను ఎలా చల్లబరుస్తుంది అన్నది నా ఉపన్యాసం. కణితి పోట్లాడదు. పోట్లాటకు వచ్చినవాళ్ళు పోట్లాడకుండా చూసుకుంటుంది. చుట్టూ ఉన్న చక్కెరంతా తనే లాక్కుని తింటుంది, వచ్చిన సైనిక కణాలకు తిండి మిగలదు. తిన్నాక పులుపు వదులుతుంది, ఆ పులుపులో వాళ్ళకు ఒళ్ళు బరువెక్కుతుంది. శరీరంలో సొంతవాళ్ళనే అదుపులో పెట్టే కణాలు కొన్ని ఉంటాయి, వాటిని పిలిపించి చుట్టూ కూర్చోబెడుతుంది. చెత్త ఊడ్చే కణాలను మచ్చిక చేసుకుని తన ఇంటిపనికి పెట్టుకుంటుంది. ఇవన్నీ దాటుకుని ఎవరైనా గుమ్మం దాకా వస్తే ఆప్యాయంగా చేయి చాస్తుంది. ఆ చేయి అందుకున్న సైనిక కణం తను వచ్చిన పని అయిపోయిందనుకుని కూలబడుతుంది.

"పాపం" అన్నాడు ఫణి.

"ఎవరు?"

"ఆ చేయి అందుకున్నవాడు."

ఇలాంటి మాటలకే నేనితన్ని చేసుకున్నాను. డైరెక్టరు గారి జాలి మాత్రం వేరే పక్షాన ఉందని సోమవారం తెలిసింది.

సోమవారం అందరినీ సెమినార్ హాలుకు పిలిచారు. ఉమాపతి గారు ఇంట్లో మామూలుగానే మాట్లాడతారట గానీ మైకు ముందు ఆయన నోట ఫైలే పలుకుతుంది.

"మిత్రులారా. ఫ్రీజరు పనిచేయుట లేదనియు, ఉపకార వేతనములు అందుట లేదనియు, మూడవ అంతస్తునకు నీరు ఎక్కుట లేదనియు గత సంవత్సర కాలముగా పలు వినతులు నా దృష్టికి తేబడినవి. ఒక చిన్న కణితి, ఎట్టి ప్రత్యేక బడ్జెటు లేకయే, ఒక్క మెమో అయినను జారీ చేయకయే, ఇంతకు వేయిరెట్లు తీవ్రమైన వ్యతిరేకతను శాంతింపజేయగలుగుచున్నది. మనము చదువుకున్నవారము. మనకేల సాధ్యము కాదు?"

హాల్లో చప్పట్లు మోగాయి. మా వాళ్ళు ప్రశ్నార్థకం వినపడితే చప్పట్లు కొడతారు.

నేను లేచి నిలబడ్డాను. కణితి జబ్బు కదా, ఆదర్శం కాదు కదా అని వీలైనంత మర్యాదగా మనవి చేశాను. దాన్ని విమర్శించడానికి ముందు దాని నుంచి నేర్చుకోవాలని ఆయన సెలవిచ్చారు.

"చివరికి మనిషి పోతుంది సార్" అన్నాను.

"అది వనరుల కొరత. పరిపాలనా లోపము కాదు."

అని, పథకానికి స్ఫూర్తినిచ్చినందుకు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆవపువ్వు రంగు, జరీ అంచు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. మా హాలు కిటికీకి ఇంకా పరదా లేదన్న సంగతి వేదిక మీదే గుర్తుకొచ్చింది.

పథకం పేరు కణితి తరహా సుపరిపాలన. మొదటి ఉత్తర్వు చక్కెర మీద. సంస్థలో చక్కెర గల సమస్త పదార్థాలూ పై అంతస్తులో ఉన్న డైరెక్టరు గారి పేషీకి తరలించాలి. క్యాంటీన్‌లో పంచదార డబ్బాలు, పుట్టినరోజు కేకులో సగం, ఎవరో సొరుగులో దాచుకున్న పల్లీ చిక్కీ, అన్నీ లిఫ్టెక్కాయి. కింది అంతస్తుల్లో టీ చేదుగా, పైన పాయసంలా తయారైంది. ఉత్తర్వు అక్షరాలా ఫలించింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఫిర్యాదు రాయడానికి కూడా ఎవరికీ ఓపిక ఉండడం లేదు.

రెండోది పులుపు. డైరెక్టరు గారి గది ముందు వేచి ఉండేవాళ్ళకు రెండు రోజులు పులియబెట్టిన మజ్జిగ ఇవ్వాలి, తాగేదాకా లోపలికి పంపకూడదు. మూడోది ఉద్యోగుల సంఘం నాయకుడు అప్పలనరసయ్య గారికి సంబంధించింది. మొన్నటిదాకా గేటు దగ్గర ఆయన గొంతు వినిపిస్తే కొండ మీద మేకలు ఆగి చూసేవి. ఆయన్ను సౌకర్యాల కమిటీకి అధ్యక్షుణ్ణి చేసి, తిరిగే కుర్చీ ఇచ్చారు. అప్పటి నుంచి ఆయన డైరెక్టరు గారి గదికి కొత్త వరండా కట్టించే పనిలో ఉన్నారు.

నాలుగో ఉత్తర్వు ఫణి చేతే టైపు చేయించారు. ఆవేశపరులను అదుపు చేయడానికి వారి సొంత మనుషులనే నియంత్రణాధికారులుగా నియమించాలని శాస్త్రం చెబుతోంది గనుక, మూడో అంతస్తు మందాకినికి ఆమె భర్త ఫణీంద్రను నియమించడమైనది. మందాకిని నేనే. ఫణి ఆ కాగితం ఇంటికి తెచ్చి, కంచం ముందు కూర్చుని, గొంతు సవరించుకుని చదివి వినిపించాడు.

"రూల్ ప్రకారం నువ్వు గట్టిగా మాట్లాడినప్పుడల్లా నేను నెమ్మది అనాలి."

"నేనెప్పుడు గట్టిగా మాట్లాడాను?"

"నెమ్మది" అన్నాడు, పప్పు వడ్డిస్తూ. అంత ప్రేమగా నన్నెవరూ అణచివేయలేదు.

ఐదోది, అన్నిటికన్నా గొప్పది, గుమ్మం దగ్గరి మర్యాద. కణితి చేయి చాస్తుంది. మనది చేయి కలిపే సంస్కృతి కాదు కాబట్టి, ఫిర్యాదుతో గుమ్మం దాకా వచ్చిన ప్రతివారికీ డైరెక్టరు గారు స్వయంగా శాలువా కప్పుతారు. ఫొటో తీస్తారు. చేతిలో ఒక కమలాపండు పెడతారు. ఇది ఎంత పదునైన ఆయుధమో తెలుగువాళ్ళకు వివరించనక్కర్లేదు. మెడలో శాలువా, చేతిలో పండు పెట్టుకుని ఫ్రీజరు చెడిపోయింది అనగలిగినవాడు మన గడ్డ మీద ఇంకా పుట్టలేదు.

ఇవన్నీ నేను నవ్వుకుంటూనే చూసేదాన్ని, హైమావతి గారి సీసాలు పోకపోతే.

హైమావతి గారిది పెదవాల్తేరులో బ్యూటీ పార్లరు. నా పెళ్ళికి జడ వేసింది ఆవిడే. అప్పటికి ఆవిడకు అండాశయ కాన్సర్‌కి ఆపరేషన్ అయి కొన్ని నెలలైంది. జబ్బు వల్ల పొట్టలో చేరితే ఆపరేషన్‌లో తీసిన నీటిలో కొంత మా పరిశోధనకు ఇమ్మని అడిగితే సంతకం పెడుతూ, నా జుట్టు ఎవరూ అడగట్లేదు, నీళ్ళు అడుగుతున్నారా అని నవ్విన మనిషి. ఆ నీటిలో ఆవిడ సైనిక కణాలున్నాయి. కణితి పక్కన ఉండి ఉండి అలసిపోయి, ఏం చేసినా కదలనివి. నెలల తరబడి బతిమాలగా, నా పెళ్ళికి రెండు రోజుల ముందు అవి లేచాయి. సూక్ష్మదర్శినిలో చూస్తుండగా ఒకటి పాకుతూ వెళ్ళి కణితి కణాన్ని పట్టుకుంది, కణితి కణం బుడగలా పగిలిపోయింది. జడ వేయించుకుంటూ ఆవిడకు ఆ సంగతి చెప్పాను. జడలో మల్లెలు గుచ్చుతున్న ఆవిడ చేతులు కాసేపు ఆగిపోయాయి.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఫోను చేస్తారు.

"మావాళ్ళెలా ఉన్నారమ్మా? తిన్నారా?"

ఇది ఆవిడకు మందు కాదని, ఎప్పటికో ఎవరికో మందు కావచ్చునని ముందే స్పష్టంగా చెప్పాను. తెలుసులేమ్మా, అయినా మావాళ్ళు కదా అన్నారు. ఇప్పుడు ఆవిడ పొట్టలో నీరు లేదు. అది మంచి కబురే. కానీ అలాంటి కణాలు మళ్ళీ దొరకవు. ఉన్నవి ఆ ఒక్క ఫ్లాస్కులోవే. వాటి తిండి గులాబీ రంగు ద్రవం, రెండు సీసాలు మా ఫ్రిజ్‌లో ఉండేవి. సీసా మీది చీటీలో గ్లూకోజ్ అని రాసి ఉంటుంది. గ్లూకోజ్ అంటే చక్కెరే కదా. పథకం మొదలైన రెండో సోమవారం స్టోర్సు వాళ్ళు మొదటి ఉత్తర్వు ప్రకారం రెండింటినీ తీసుకుపోయారు.

మంగళవారం పైకి వెళ్ళాను. వరండాలో అప్పలనరసయ్య గారు ఎదురొచ్చారు.

"కూకోండమ్మా, ముందు మజ్జిగ పుచ్చుకోండి. ఇక్కడ మనకేటి తక్కువ సెప్పండి."

మజ్జిగ తాగాను. నా నోరు వంకరపోయింది. లోపలికి వెళ్ళగానే శాలువా పడింది, ఫొటో తీశారు, కమలాపండు పెట్టారు. నవ్వుతూ నమస్కారం చేసి మెట్లు దిగి ల్యాబులోకి వచ్చాక గాని సీసాల మాట ఎత్తనేలేదని గుర్తు రాలేదు. బుధవారం, సీసా అనే మాట అరచేతిలో పెన్నుతో రాసుకుని వెళ్ళాను. అరచేతిలో కమలాపండు పెట్టేశారు. శాలువా ఈసారి నెమలికంఠం రంగు. వంటింటి కిటికీకి అతికినట్టు సరిపోయింది. కుర్చీ ఎక్కి ఫణి దాన్ని కడుతుంటే కింద నిలబడి కుర్చీ పట్టుకున్నాను. ఆ నీలి వెలుగులో ఇల్లంతా చేపల తొట్టిలా ఉందని ఇద్దరం ఎంత సంబరపడ్డామో.

గురువారం పొద్దున ఫ్లాస్కు చూస్తే గులాబీ రంగు పోయి పసుపు తిరుగుతోంది. ఆ ద్రవంలో తిండి అయిపోయి పులుపు చేరితే అలా పసుపెక్కుతుంది. శుక్రవారం సాయంత్రం లోగా కొత్త తిండి పోయకపోతే కణాలు చచ్చిపోతాయి. పేషీలో ఆరా తీశాను. ఒక సీసా అప్పటికే విప్పారట. ఢిల్లీ నుంచి వచ్చిన పరిశీలకుల బృందానికి రోజ్‌మిల్క్ అనుకుని గ్లాసుల్లో పోశారట. పాలు తక్కువయ్యాయని వాళ్ళు నివేదికలో రాశారట. రెండోది సీలు విప్పకుండా ఉంది. అదైనా ఇవ్వాలంటే డైరెక్టరు గారి సంతకం కావాలి.

ఆ సాయంత్రం హైమావతి గారి ఫోను ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. అది మోగి మోగి ఆగిపోయింది. ఫణి నా పక్కన సోఫాలో కూర్చున్నాడు. నెమ్మది అనలేదు.

"జబ్బులో అయితే దీనికి మందేమిటి?" అని అడిగాడు.

చెప్పాను. సైనిక కణానికి కొత్త కత్తి ఇవ్వనక్కర్లేదు. కణితి చేయి వచ్చి కలిసే చోట ముందుగానే ఇంకోటి కప్పి ఉంచే మందు ఉంది. చోటు ఖాళీ లేకపోతే కణితి చేయి అందదు, సైనిక కణం తన పని తను చేసుకుంటుంది. కొన్ని కాన్సర్లలో అది అద్భుతం. అండాశయ కాన్సర్‌లో మాత్రం అదొక్కటే వాడితే పెద్దగా పనిచేయడం లేదు. చక్కెరా, పులుపూ, అదుపు చేసే సొంతవాళ్ళూ, అన్నీ అలాగే ఉంటాయి కదా. అన్నిటినీ ఒక్కసారే పట్టుకోవాలని ప్రపంచమంతా తంటాలు పడుతోంది.

ఫణి వంటింట్లోని నెమలికంఠం పరదా వైపు చూశాడు.

"శాలువా ఉత్తర్వులో ఒక షరతుంది" అన్నాడు. "డైరెక్టరు గారి శాలువా ఎప్పుడూ మొదటిదిగానే పడాలి. ఇంకొకరి శాలువా మీద రెండోదిగా పడకూడదు. ఆయన హోదాకు తక్కువట. ఆయన చెబుతుంటే నేనే టైపు చేశాను."

నేనతని వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. మూడు కుక్కర్ల మూతలూ ఒకేసారి పడ్డంత సంతోషమైంది.

శుక్రవారం పొద్దున ఫణి బెల్లం పరమాన్నం వండాడు. అడుగంటింది. అంటినదాంతో సహా రెండు గిన్నెలు తిన్నాను, ఒంట్లో చక్కెరకు లోటు లేకుండా. తర్వాత అతను ఆ రోజుకు సెలవు చీటీ రాశాడు. నియంత్రణాధికారి సెలవులో ఉంటే నన్ను అదుపు చేసేవాడు లేనట్టే. ఆఖర్న హాలు కిటికీకున్న ఆవపువ్వు రంగు శాలువా విప్పి, దులిపి, నా భుజాల చుట్టూ కప్పాడు. ఫొటో తీయలేదు. కమలాపండు ఇవ్వలేదు. ఏమిచ్చాడో ఇక్కడ రాయను.

వరండాలో మజ్జిగ గ్లాసు ఎదురొచ్చింది. ఉపవాసం అన్నాను. పరమాన్నం తేన్పు వచ్చినా అప్పలనరసయ్య గారు పట్టించుకోలేదు. ఆయన చూపంతా నా శాలువా మీదే ఉంది.

"ఇది ఎవలు కప్పినారమ్మా?"

"మావారండి."

ఆయన తిరిగే కుర్చీలో ఒక చుట్టు తిరిగి, దారిచ్చారు.

ఉమాపతి గారు అలవాటు ప్రకారం లేచారు. శాలువా మడత విప్పారు. రెండు చేతులా పైకెత్తి రెండడుగులు వేశాక ఆగిపోయారు. కెమెరా పట్టుకున్నతనూ ఆగిపోయాడు. తీయమనడానికి ఆయన నోరు తెరిచారు గానీ, కొత్త పెళ్ళికూతురి మీద మొగుడు కప్పినదాన్ని తీయమనడం ఏ పరిపాలనలోనూ కుదరదు. కప్పడానికి భుజాలు దొరకని శాలువాతో ఆయన గది మధ్య అలాగే నిలబడిపోయారు. కూర్చుందామంటే శాలువా అడ్డం. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. ఇంతకాలంలో ఆ అవసరం రాలేదు కాబోలు.

చివరికి చేసేదేమీ లేక, మైకు గొంతుతో కాకుండా, మామూలు మనిషిలా అడిగారు.

"ఏం కావాలమ్మా?"

ఆ ప్రశ్న ఆ గదిలో వినపడడం అదే మొదటిసారని పేషీవాళ్ళు తర్వాత చెప్పారు. గులాబీ సీసా అన్నాను. ఎందుకని అడిగారు. హైమావతి గారి కణాల గురించి చెప్పాను. ఆకలితో ఉన్నాయన్నాను. ఆయన విన్నారు. శాలువా రెండు చేతుల్లోనే ఉండడంతో సంతకం ఎలా పెట్టాలో తెలియక దాన్ని తన భుజం మీదే వేసుకుని, సంతకం పెట్టారు. అది ఆయనకు బాగానే నప్పింది, చెప్పాను కూడా. కొంచెం సిగ్గుపడ్డారు.

ఫ్లాస్కులో కొత్త తిండి పోశాను. పసుపు పోయి గులాబీ వచ్చింది. మధ్యాహ్నం భోజనమైన తర్వాత సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని కదలడం లేదు, అవి మరి లేవవు. మిగిలినవి కదులుతున్నాయి. ఒకటి ఏదో మరచిపోయినట్టు ఆగి, మళ్ళీ బయలుదేరింది. ఈసారి ఫోను నేనే చేశాను.

"మీవాళ్ళు తిన్నారండి" అన్నాను. కొందరు పోయారని కూడా చెప్పాను. దాచలేదు.

ఉన్నవాళ్ళను ఒకసారి కళ్ళతో చూడొచ్చా అని అడిగారు హైమావతి గారు. ఎప్పుడైనా రండి అన్నాను. ఎప్పుడో ఎందుకమ్మా, రేపే వస్తాను, శనివారం పార్లర్లో రద్దీ సాయంత్రమే కదా అన్నారు.

ల్యాబు నుంచి బయటికొస్తే మెట్ల మీద జనం. ఫ్రీజరు చెడినవాళ్ళు, ఉపకార వేతనం అందనివాళ్ళు, నీరెక్కని అంతస్తువాళ్ళు, ఒక్కొక్కరూ నా శాలువా అంచు పట్టుకుని చూస్తున్నారు. ఇంట్లో ఎవరి దగ్గర ఎన్నున్నాయో లెక్కలేసుకుంటున్నారు. వెనకాల అప్పలనరసయ్య గారు, గొంతు తగ్గించి, మీ దగ్గర ఎగస్ట్రా ఉంటే ఒకటి ఇప్పించండమ్మా, నేనూ ఒకసారి లోపలికెళ్ళి అడగాలనుంది అన్నారు.

రేపు పది గంటలకు అందరం ఇంటి దగ్గరే శాలువాలు కప్పించుకుని గేటు దగ్గర కలుసుకోవాలని నిర్ణయించాం. ఫణి సెలవు పొడిగించాడు. వంటింటి కిటికీకున్న నెమలికంఠం శాలువా ఇప్పుడే విప్పి ఇస్త్రీ చేస్తున్నాడు. హైమావతి గారు ఆటో దిగగానే, వేరెవరూ అందుకునే లోపు, దాన్ని ఆవిడకు నేను కప్పుతాను. తిన్నగా మూడో అంతస్తుకు తీసుకెళ్ళి వాళ్ళవాళ్ళను చూపిస్తాను.